బుల్లెట్ ఎందుకు తుమ్మింది?

పిల్లలూ, ఇంట్లో ఏదైనా వస్తువు పనిచేయకపోతే అందరూ మొట్టమొదట అడిగే ప్రశ్న ఏమిటో ఎప్పుడయినా గమనించారా? "ఎవరు పాడుచేశారు?" అని అడుగుతారు. గడియారం ఆగినా అదే ప్రశ్న, తలుపు గొళ్ళెం పడకపోయినా అదే ప్రశ్న. "ఎక్కడ పాడయింది?" అని అడిగేవాళ్ళు చాలా తక్కువ. ఈ రెండు ప్రశ్నలకూ తేడా ఒక్క మాటే. కాని మొదటి ప్రశ్న వేస్తే ఇంట్లో ఎవరో ఒకరు ఏడుస్తారు. రెండో ప్రశ్న వేస్తే వస్తువు బాగవుతుంది. ఒక మోటారు సైకిలు విషయంలో ఇది ఎట్లా జరిగిందో చెపుతాను, వినండి. దాంతోపాటే ఇంజను కడుపులో ఏం జరుగుతుందో కూడా తెలుసుకుందాం.

హైదరాబాదులో చిక్కడపల్లి, అశోక్‌నగర్, నారాయణగూడ ఒకదాన్ని ఒకటి ఆనుకుని ఉండే పేటలు. 2020 నుంచి చిక్కడపల్లికీ, నారాయణగూడకూ మెట్రో రైలు కూడా వచ్చింది. అశోక్‌నగర్ దగ్గర సిటీ సెంట్రల్ లైబ్రరీ ఉంది. ఉద్యోగపు పరీక్షలకు చదివే కుర్రవాళ్ళు తెల్లవారకముందే అక్కడికి చేరి, రాత్రి దాకా పుస్తకాలలోంచి తల ఎత్తరు. ఆ లైబ్రరీకి కొంచెం దూరాన ఒక సందులో మా ఇల్లు. నేను హెడ్మాస్టరుగా రిటైరయి కొన్నేళ్ళయింది. అంతకుముందు చాలా ఏళ్ళు భౌతికశాస్త్రం పాఠం చెప్పాను.

మా ఎదురింట్లో ఒక తాత, ఆయన కొడుకూ కోడలూ, ఇద్దరు పిల్లలూ ఉండేవారు. తాత ఆర్టీసీలో పనిచేసి రిటైరయ్యాడు. ఆయనకు పాత బుల్లెట్ మోటారు సైకిలు ఒకటి ఉంది. మనవడికి పదిహేడేళ్ళు, ఇంటర్మీడియట్ చదువుతున్నాడు. మనవరాలు ఎనిమిదో తరగతి. ఆ పిల్ల చిక్కడపల్లిలో నాట్యం నేర్చుకుంటోంది. ఈ సంగతి గుర్తుపెట్టుకోండి. ముందు ముందు పనికివస్తుంది.

తాతకు చూపు మందగించి బండి నడపటం మానేశాక, ఆ బుల్లెట్ ఏళ్ళ తరబడి గోడవారన గోనెపట్టా కప్పుకుని నిలబడి పోయింది. క్రిందటి వేసవి సెలవుల్లో మనవడు దాన్ని విప్పాడు. తెలిసిన అన్న ఒకడు వారం రోజులు వచ్చి సాయం చేశాడు. సిలిండరు అరిగిపోయింది గనక నారాయణగూడలో లేతు పని చేసేవాళ్ళ దగ్గర బోరు చేయించారు. అంటే లోపల కొంచెం చెక్కి నున్నగా చేయించారన్నమాట. దానికి సరిపడే కొత్త పిస్టనూ, రింగులూ సికింద్రాబాదు రాణీగంజ్‌కు పోయి తెచ్చారు. ఆబిడ్సులో ఆదివారం పూట పేవ్‌మెంటు మీద అమ్మే పాత పుస్తకాలలో బుల్లెట్ రిపేరు పుస్తకం ఒకటి దొరికింది. అందులో కొన్ని పేజీలు లేవు. ఉన్న పేజీలు చూసి, విప్పినవన్నీ మళ్ళీ బిగించారు. చెల్లెలు ప్రతి నట్టునూ కిరసనాయిలుతో కడిగి, పాత ఇడ్లీరేకుల గుంటలలో వరసగా పెట్టి, ఒక్కొక్కటే అన్నకు అందించింది.

అంతా బిగించి కిక్కు కొడితే బండి కదిలితేనా? పది కిక్కులకు ఒకసారి "ఫట్" మని తుమ్మి ఊరుకుంటుంది. అంతే. రెండు రోజులు కొట్టి కొట్టి కుర్రవాడి కాలు వాచింది.

ఇక్కడొక చిక్కు వచ్చిపడింది. వాళ్ళుంటున్న పాత ఇల్లు పడగొట్టి అపార్ట్‌మెంటు కట్టబోతున్నారు. ఆదివారం నాటికి ఇల్లు ఖాళీ చేసి బాగ్‌లింగంపల్లిలో అద్దె ఇంటికి పోవాలి. కొత్త ఇంట్లో బండి పెట్టటానికి మూరెడు చోటు. "నడిచే బండయితే తెచ్చుకుందాం. నడవని ఇనుము ఎందుకు? ఆదివారం పాత ఇనుము కొనే ఆయన్ను రమ్మన్నాను. తూకానికి ఇచ్చేద్దాం," అన్నాడు వాళ్ళ నాన్న. ఆయనది తప్పనడానికి లేదు. ఇల్లు మారే ఖర్చులు ఇల్లు మారేవాళ్ళకే తెలుస్తాయి.

తాత ఏమీ అనలేదు. కాని ఆ పూట అన్నం సగమే తిన్నాడట.

ఇక అన్నకు కోపం వచ్చింది. ఎవరి మీద చూపించాలి? చెల్లెలి మీద! "పాయింట్లు నువ్వే సాపుచేశావు. నీ చెయ్యి పడ్డాకనే ఇట్లయింది. ఇక బండి ముట్టకు," అన్నాడు. ఆ పిల్ల కళ్ళనీళ్ళు పెట్టుకుని మా అరుగు మీదకి వచ్చి కూర్చుంది. అది గురువారం సాయంత్రం. ఆదివారానికి ఇంకా రెండే రోజులున్నాయి.

ఈ కేసు నా దగ్గరకి వచ్చింది అట్లాగన్నమాట.

నేను మెకానిక్కును కాను. పానా పట్టటంలో ఆ కుర్రవాడే నాకన్న నేర్పరి. అయితే ప్రశ్నలు వరసగా అడగటం మటుకు నాకు తెలుసు. శుక్రవారం పొద్దున్నే పోయి, "నాయనా, నేను బండి ముట్టను. నువ్వే ముట్టు. నీ చెల్లె నోటుబుక్కులో రాస్తుంది. నేను అడుగుతాను. పరీక్ష చేయనిదే ఎవరూ జవాబు చెప్పరాదు. ఇదే షరతు," అన్నాను. వాడు చెల్లెలి వంక చూడకుండానే తల ఊపాడు.

పిల్లలూ, పరీక్షకు ముందు ఇంజను సంగతి కొంచెం తెలుసుకోవాలి.

మోటారు సైకిలు ఇంజను నాలుగు పనులు చేస్తుంది. సిలిండరంటే ఒక గొట్టం. అందులో పిస్టన్ అనే ముద్ద పైకీ కిందికీ జరుగుతుంది. పైన రెండు చిన్న తలుపులున్నాయి. వాటిని వాల్వులంటారు. పుస్తకాలలో కవాటాలని రాస్తారు. ఒకటి లోపలికి వచ్చే తలుపు, రెండోది బయటికి పోయే తలుపు.

మొదటి పని: పిస్టన్ కిందికి దిగుతుంది. లోపలి తలుపు తెరుచుకుని పెట్రోలు ఆవిరి కలిసిన గాలి వస్తుంది. ఇది పీల్చటం. రెండో పని: రెండు తలుపులూ మూసుకుంటాయి, పిస్టన్ పైకి వచ్చి ఆ గాలిని నొక్కుతుంది. ఇది నొక్కటం. అప్పుడు ప్లగ్గు దగ్గర నిప్పురవ్వ పుడుతుంది. గాలి భగ్గుమని మండి పిస్టన్‌ను కిందికి తోస్తుంది. ఇది మూడో పని, పేలటం. బండిని లాగే బలమంతా ఇందులోనే ఉంది. నాలుగో పని: బయటి తలుపు తెరుచుకుంటుంది, పిస్టన్ మళ్ళీ పైకి వచ్చి పొగను బయటికి నెట్టుతుంది. ఇది ఊదటం. పీల్చు, నొక్కు, పేలు, ఊదు. మళ్ళీ పీల్చు.

ఈ నాలుగు పనుల పద్ధతిలో చక్కగా నడిచే ఇంజనును జర్మనీలో నికొలాస్ ఆటో అనే ఆయన 1876లో చేసి చూపించాడు. అది నేల మీద కదలకుండా ఉండే పెద్ద యంత్రం. తర్వాత 1885లో డైమ్లర్, మేబాక్ అనే ఇద్దరు చిన్న పెట్రోలు ఇంజనును చెక్క చట్రం ఉన్న రెండు చక్రాల బండికి బిగించారు. అదే మోటారు సైకిళ్ళకు ముత్తాత.

మన బుల్లెట్ కథ కూడా తమాషాగానే ఉంటుంది. ఇంగ్లండులో రెడిచ్ అనే ఊళ్ళో రాయల్ ఎన్‌ఫీల్డ్ కంపెనీ 1932లో తన మోటారు సైకిలుకు ఆ పేరు పెట్టింది. 1955లో మద్రాసులో ఎన్‌ఫీల్డ్ ఇండియా కంపెనీ ఏర్పడి, తిరువొత్తియూరులో బుల్లెట్ల తయారీ మొదలయింది. ఇంగ్లండులో ఆ కంపెనీ 1970 నాటికి మూతపడింది. పుట్టింట్లో ఆరిపోయిన దీపం మన దేశంలో మటుకు వెలుగుతూనే వచ్చింది.

ఇప్పుడు పరీక్షలకు వద్దాం. ఇంజను మండాలంటే మూడు కావాలి: పెట్రోలు కలిసిన గాలి, ఆ గాలిని నొక్కే బలం, నిప్పురవ్వ. ఈ మూడింటిలో ఏది లేదో చూడాలి.

"మొదటి ప్రశ్న. నిప్పురవ్వ వస్తోందా?" అన్నాను.

"రాదు సార్. పాయింట్లు చెడిపోయినయి," అన్నాడు వాడు.

"షరతు మరిచావు. పరీక్ష చెయ్యి."

పాయింట్లంటే ఏమిటో చెపుతాను. రెండు చిన్న లోహపు బిళ్ళలు ఒకదానికొకటి ఆనుకుని ఉంటాయి. అవి ఆనినంతసేపూ బ్యాటరీ కరెంటు కాయిల్లోకి పోతుంది. ఒక చిన్న క్యాము తిరుగుతూ తిరుగుతూ సమయం రాగానే వాటిని విడదీస్తుంది. కరెంటు తటాలున తెగుతుంది. తెగిన ఆ క్షణంలోనే కాయిల్లో వేల వోల్టుల ఒత్తిడి పుట్టి, ప్లగ్గు కొసన నిప్పురవ్వగా దూకుతుంది. ఈ బిళ్ళలు విడినప్పుడు మధ్య ఎడం 0.35 నుంచి 0.40 మిల్లీమీటర్లు ఉండాలి. చెల్లెలు సాపుచేసి, గేజి రేకు పెట్టి సరిచూసింది వీటినే.

ముందు పెట్రోలు కుళాయి కట్టించాను. పెట్రోలు గుడ్డలన్నీ దూరంగా పెట్టించాను. నిప్పురవ్వ ఉన్నచోట పెట్రోలు ఆవిరి ఉండరాదు గదా! ప్లగ్గు ఊడదీసి, దాని ఇనుప ఒళ్ళు ఇంజను రెక్కలకు ఆనేటట్టు, ప్లగ్గు రంధ్రానికి వీలైనంత దూరంగా పెట్టించి, నీడలో కిక్కు కొట్టించాను. టిక్కుమని నీలంరంగు రవ్వ! రెండోసారి కొడితే మళ్ళీ వచ్చింది. పదిసార్లూ వచ్చింది. గేజి రేకు పెట్టి చూస్తే ఎడం కూడా సరిగ్గా ఉంది.

చెల్లెలు పుస్తకంలో రాసింది: "నిప్పురవ్వ: ఉంది. పాయింట్లు:" ఆ తర్వాత ఆ పిల్ల కలం ఆగిపోయింది. అక్కడ ఖాళీ వదిలేసింది. నేను చూశాను గాని ఏమీ అనలేదు.

రెండో ప్రశ్న పెట్రోలు. ప్లగ్గు మళ్ళీ బిగించి, పెట్రోలు కుళాయి తెరిచి, నాలుగు కిక్కులు కొట్టి ప్లగ్గు విప్పితే దాని మొహం తడిగా ఉంది. వాసన చూస్తే పెట్రోలే. అంటే పెట్రోలు లోపలికి పోతోంది. "పెట్రోలు: ఉంది."

మూడో ప్రశ్న నొక్కుడు బలం. కుళాయి కట్టి, కరెంటు తాళం తీసి, ప్లగ్గు రంధ్రం మీద బొటనవేలు గట్టిగా అదిమి పెట్టమన్నాను. మెల్లగా కిక్కు తొక్కితే వేలు ఫుస్సుమని ఎగిరిపోయింది. కొత్త పిస్టనూ, రింగులూ పని చేస్తున్నాయన్నమాట. "నొక్కుడు: ఉంది."

మూడూ ఉన్నాయి. బండి మాత్రం నడవదు! కుర్రవాడు నెత్తి పట్టుకుని కూర్చున్నాడు. "ఇంకేం మిగిలింది సార్? ఇనుప సామాన్ల ఆయన్నే రమ్మందాం," అన్నాడు.

ఆ సమయంలో గుమ్మంలో కుర్చీ వేసుకున్న తాత నోరు విప్పాడు. "సారూ, నేనొక మాట అడగచ్చా? నాకు కనపడదు. కాని వినపడుతుంది. రెండు రోజుల నుంచి ఈ బండి తుమ్ముతుంటే వింటున్నా. సైలెన్సరు పేలితే చప్పుడు వెనక నుంచి రావాలె. ఇది సీటు కింద నుంచి వస్తున్నది. ఇది కార్బొరేటరు తుమ్ము."

చూశారా పిల్లలూ? కళ్ళున్న మేము ముగ్గురం రంధ్రాలన్నీ వెతికాం. చూపు లేని మనిషి చప్పుడు ఎటునుంచి వస్తోందో గమనించాడు. కార్బొరేటరంటే గాలీ పెట్రోలూ కలిసి లోపలికి పోయే దారి. మంట ఆ దారిన వెనక్కి వస్తోందంటే అర్థం ఏమిటి? నిప్పురవ్వ పుట్టే క్షణంలో లోపలి తలుపు తెరిచి ఉందన్నమాట! తలుపులు రెండూ మూసి ఉన్నప్పుడు పుట్టవలసిన రవ్వ, తలుపు తీసి ఉండగా పుడుతోంది.

"అయితే మనం అడగవలసిన నాలుగో ప్రశ్న ఒకటుంది," అన్నాను. "ఉందా, లేదా అని మూడింటిని గురించి అడిగాం. ఎప్పుడు అని అడగలేదు."

శనివారం పొద్దున నాలుగో పరీక్ష. బండికి పెద్ద స్టాండు వేయించాం. ప్లగ్గు ఊడదీశాం గనక ఇంజను తేలికగా తిరుగుతుంది. టాప్ గేరులో పెట్టి వెనక చక్రం చేత్తో తిప్పితే ఇంజను కూడా మెల్లగా, మనం చెప్పినట్టు తిరుగుతుంది. ప్లగ్గు రంధ్రంలోంచి సైకిలు స్పోకు పుల్ల ఒకటి పిస్టన్ మీద ఆనేటట్టు నిలిపాం. పిస్టన్ పైకి వస్తే పుల్ల లేస్తుంది, దిగితే పుల్ల దిగుతుంది. పుల్ల లోపల ఉండగా కిక్కు మటుకు తొక్కరాదు సుమా. వాల్వులు కనపడేటట్టు పైమూతలు కూడా తీశాం.

ఇక నిప్పురవ్వ ఎప్పుడు పుడుతుందో ఎట్లా తెలుసుకోవటం? దానికి బుల్లెట్ హెడ్‌లైటు పైననే ఒక చిన్న మీటరు ఉంది. అందులో ముల్లు బ్యాటరీ కరెంటు ఎటు పోతోందో చూపిస్తుంది. తాళం తిప్పి ఉంచితే, పాయింట్లు ఆని ఉన్నంతసేపూ కాయిలు కరెంటు తాగుతుంది, ముల్లు పక్కకు ఒరిగి ఉంటుంది. పాయింట్లు విడిపోగానే కరెంటు తెగి ముల్లు సున్నా దగ్గరకు వస్తుంది. ముల్లు సున్నాకు వచ్చిన క్షణమే నిప్పురవ్వ క్షణం. తాళం ఊరికే వేసి ఉంచితే కాయిలు వేడెక్కుతుంది గనక చూసినంతసేపే వేసి, మళ్ళీ తీసేస్తూ వచ్చాం.

అన్న చక్రం తిప్పుతున్నాడు. చెల్లెలు పుల్లనూ, వాల్వులనూ, ముల్లునూ చూసి రాస్తోంది. పుల్ల పైకి వచ్చింది, వాల్వులు రెండూ మూసే ఉన్నాయి, ముల్లు కదలలేదు. పుల్ల దిగింది. మళ్ళీ పైకి వచ్చింది. ఈసారి వాల్వులు రెండూ కొంచెం కొంచెం తెరిచి ఉన్నాయి. ముల్లు సున్నాకు వచ్చింది!

"ఇంకోసారి," అన్నాను. మళ్ళీ అట్లాగే. మూడోసారీ అంతే.

ఆ పిల్ల నోటుబుక్కు వంక చూస్తూ కాలితో నేల మీద తడుతోంది. ఉన్నట్టుండి, "సార్, ఇది తకధిమి!" అంది.

"ఎట్లాగమ్మా?"

"త అంటే పీల్చటం, క అంటే నొక్కటం, ధి అంటే పేలటం, మి అంటే ఊదటం. పుల్ల రెండుసార్లు పైకి వస్తుంది. 'క' అయినప్పుడు ఒకసారి, 'మి' అయినప్పుడు ఒకసారి. నిప్పు 'క' తర్వాత పడాలి. అన్న 'మి' తర్వాత వేస్తున్నడు. తాళం తప్పింది!"

నేను ముప్పై ఏళ్ళ పైచిలుకు నాలుగు ఘాతాల ఇంజను పాఠం చెప్పాను. ఇంత పొందికగా చెప్పిన విద్యార్థి నాకు గుర్తులేదు.

అన్న కొంచెంసేపు ఏమీ మాట్లాడలేదు. తర్వాత ఆబిడ్సులో కొన్న పుస్తకం తెచ్చి తిరగేశాడు. "పిస్టన్ పైకి వచ్చినప్పుడు క్యాము బిగించమని ఉంది సార్. పైకి వచ్చినప్పుడే బిగించిన. రెండుసార్లు పైకి వస్తుందని ఈ పేజీలో లేదు," అన్నాడు. ఆ ముక్క దాని ముందు పేజీలో ఉండి ఉండాలి. ఆ పేజీ చిరిగిపోయింది.

ఈ పాత బుల్లెట్లలో పాయింట్లను విడదీసే క్యాము సన్నటి మొన ఉన్న ఇరుసు మీద కూర్చుంటుంది. నడుమ బోల్టు వదులు చేస్తే ఎటంటే అటు తిరుగుతుంది. కనక ఎక్కడ బిగిస్తే అక్కడే ఉంటుంది. అది "నేను తప్పుచోట ఉన్నాను" అని చెప్పదు.

మీలో ఎవరయినా ఇట్లా అడగవచ్చు: "మా నాన్న బండికి ఇట్లాంటి తప్పు జరుగుతుందా?" ఈనాటి బండ్లలో పాయింట్లు ఉండవు. ఆ పని ఎలక్ట్రానిక్ పెట్టె చేస్తుంది. చాలా చిన్న బండ్లలో పిస్టన్ పైకి వచ్చిన రెండుసార్లూ నిప్పురవ్వ పుడుతుంది. 'క' తర్వాత రవ్వ పనిచేస్తుంది, 'మి' తర్వాత రవ్వ వృథా అవుతుంది. అప్పటికి లోపల మిగిలింది మండిపోయిన పొగే గదా, రవ్వ పడినా ఏమీ కాదు. మన బుల్లెట్‌లో గాలి అసలు మండలేదు. పెట్రోలు ఆవిరి అట్లాగే మిగిలింది. అందుకే 'మి' తర్వాత రవ్వ పడినప్పుడు తెరిచి ఉన్న తలుపులోంచి మంట వెనక్కి తన్ని, కార్బొరేటరు తుమ్మింది.

సాయంత్రం బోల్టు వదులు చేసి, చక్రం తిప్పి, వాల్వులు రెండూ మూసి ఉన్నప్పటి పై కొసకు పిస్టన్‌ను తెచ్చారు. అక్కడి నుంచి చక్రం కొంచెం వెనక్కి తిప్పి, పిస్టన్ పైకి చేరటానికి 0.8 మిల్లీమీటరు ఉందనగా పాయింట్లు విడిపోయేటట్టు క్యాము బిగించారు. ఆ కాస్త ముందు ఎందుకంటే, గాలి అంతా మండటానికి కూడా కొంత వ్యవధి కావాలి. ఇంజను వేగం పెరిగినకొద్దీ నిప్పురవ్వ ఇంకా ముందు పడాలి. దానికి లోపల స్ప్రింగులు కట్టిన చిన్న బరువులున్నాయి. అవి వేగానికి విచ్చుకుని క్యామును జరుపుతాయి.

మళ్ళీ పరీక్ష. ఈసారి ముల్లు 'క' అయినప్పుడు సున్నాకు వచ్చింది. స్పోకు పుల్ల బయటికి తీశామో లేదో ఇద్దరం రెండుసార్లు చూసుకుని, ప్లగ్గూ మూతలూ బిగించి, బండిని సందులోకి నెట్టాం. మూసిన గదిలో ఇంజను నడపరాదు. దాని పొగలో కార్బన్ మోనాక్సైడ్ అనే విషవాయువు ఉంటుంది. దానికి రంగు లేదు, వాసన లేదు.

మొదటి కిక్కుకు ఏమీ లేదు. రెండోదానికీ లేదు. వాళ్ళ నాన్న అట్టపెట్టెలు తాళ్ళతో కడుతూ గుమ్మంలో ఆగాడు. మూడో కిక్కుకు ఇంజను ఒకసారి గునిసింది. నాలుగో కిక్కుకు అందుకుంది. డుగ్, డుగ్, డుగ్, డుగ్!

ఎవరూ కేకలు వేయలేదు. అందరం తాత వంక చూశాం. ఆయన తల కొంచెం పక్కకు వంచి విన్నాడు. తర్వాత, "నూనె వస్తున్నదా చూడండి. ఇప్పుడే ఎక్కువ రేసు చెయ్యకండి. కొత్త పిస్టను," అన్నాడు. ఇంజను ఆపి పైమూత విప్పితే వాల్వుల దగ్గర నూనె మెరుస్తోంది. ఆ పూట తాత రెండోసారి అన్నం అడిగాడని మర్నాడు కోడలు చెప్పింది.

ఆదివారం ఇనుప సామాను కొనే ఆయన వచ్చాడు. పాత బీరువా ఒకటి, విరిగిన మంచం ఒకటి తూచుకుని పోయాడు. బుల్లెట్ దగ్గర ఆగి, "ఇది?" అన్నాడు. "అది సామాను కాదు, బండి," అన్నాడు పిల్లల నాన్న.

అయినా దాన్ని బాగ్‌లింగంపల్లికి నడుపుకుని పోలేదు. పదిహేనేళ్ళు దాటిన బండికి ప్రతి అయిదేళ్ళకూ రిజిస్ట్రేషను తిరిగి చేయించాలి. దీని గడువు ఎప్పుడో తీరింది. పైగా కుర్రవాడికి ఇంకా పద్ధెనిమిది నిండలేదు గనక లైసెన్సు లేదు. అందుకని తండ్రి హ్యాండిలు పట్టుకోగా, అన్నాచెల్లెళ్ళిద్దరూ వెనక నుంచి నెట్టుకుంటూ పోయారు. ఇద్దరూ ఒకే వైపు నిలబడి నెట్టుతుంటే చూశాను.

పోయేముందు ఆ పిల్ల నాకు తన నోటుబుక్కు చూపించింది. "పాయింట్లు:" అని రాసి ఖాళీ వదిలేసిన చోట, ఎవరిదో వంకర టింకర దస్తూరీతో, "సరిగ్గా ఉన్నయి. మంచిగ చేసింది." అని రాసి ఉంది. ఆ దస్తూరీ ఎవరిదో నేను అడగలేదు. మీరూ అడగకండి.

ఇక మీరు చేయవలసిన పని. ఇంజన్లు విప్పవద్దు. పెట్రోలు జోలికి అసలే పోవద్దు. ఒక సైకిలు పంపు తీసుకోండి. గొట్టం కొసన వేలు అదిమిపెట్టి పిడి నొక్కండి. వేలిని ఏదో తోస్తున్నట్టుంటుంది. అదే నొక్కుడు బలం. పది పదిహేనుసార్లు గబగబా కొట్టి పంపు అడుగున తాకి చూడండి, వెచ్చగా ఉంటుంది. గాలిని నొక్కితే వేడెక్కుతుందన్నమాట.

తర్వాత ఒక లెక్క. పాత 350 బుల్లెట్ సిలిండరు వ్యాసం 7 సెంటీమీటర్లు, పిస్టన్ జరిగే దూరం 9 సెంటీమీటర్లు. వ్యాసార్థాన్ని వ్యాసార్థంతో హెచ్చవేసి, దాన్ని 22/7 తోనూ, 9 తోనూ హెచ్చవేయండి. దాదాపు 346 ఘన సెంటీమీటర్లు వస్తుంది. బండి పేరులో 350 అనే అంకె ఎందుకుందో మీకే తెలుస్తుంది.

చివరగా ఒక ప్రశ్న. ఆ ఇంజను నిమిషానికి 3000 చుట్లు తిరుగుతోందనుకోండి. రెండు చుట్లకు ఒకసారి తకధిమి పూర్తవుతుంది. ఒక్కొక్క తకధిమికీ ఒక్కొక్క నిప్పురవ్వ. అయితే సెకనుకు ఎన్ని నిప్పురవ్వలు పుడతాయి? మీ జవాబు 25 అయితే, ఆ ఎనిమిదో తరగతి పిల్ల చెప్పింది మీకు అర్థమయినట్టే.